పరాయి చూపు – ఇంటి కూడు

కవిసార్వభౌముడు శ్రీనాథుడు కన్నడ రాజ్యానికి పోయి, రాజదర్శనానికై పడిగాపులు పడిన కాలంలో చెప్పినదిగా ఒక చాటువు ప్రసిద్ధం. తలకు కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చినందుకు ఎంత వగచాడో, చల్ల కలిపిన అంబలి తాగవలసి వచ్చినందుకూ అంతే వగచాడు. పల్నాటికి పోయినప్పుడు అక్కడి జొన్నకూటిని కూడా ఆయన విడిచిపెట్టలేదని మరికొన్ని చాటువులు చెబుతాయి. వరి అన్నానికి, నేతికి అలవాటుపడిన నాలుక అది. ఆ పద్యాలు చదివి తెలుగువారు తరతరాలుగా నవ్వుకొంటూనే ఉన్నారు. అవి నవ్వదగినవే. అయితే ఆ అంబలి కాచి పోసిన ఇల్లాలు ఆ అతిథిని గురించి ఏమనుకొన్నదో ఏ చాటువూ చెప్పదు. ఆమె పద్యం రాయలేదు. రాసినవాడు అతిథి.

భోజనాన్ని గురించి లోకంలో నిలిచిపోయిన మాటల్లో అధికభాగం ఈ విధంగా అతిథులు చెప్పినవే. వచ్చినవాడు చూసినది పుస్తకమవుతుంది. వండినవారికి తెలిసినది పొయ్యి దగ్గరే ఆగిపోతుంది. కొంతకాలానికి వండేవారు సైతం తమ కంచాన్ని ఆ పుస్తకంలోంచి చూడడం మొదలుపెడతారు. అతిథి ముఖం చిట్లిస్తే సిగ్గుపడతారు, మెచ్చుకొంటే గర్వపడతారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కీడు చేస్తుందో చెప్పడం అంత సులభం కాదు.

చిత్తూరు సీమలో పడమటి మండలాలని వాడుక పొందిన ప్రాంతంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ముఖ్యమైన ఊళ్ళు. ఇవి కనుమలకు పైన, మైసూరు పీఠభూమి అంచున ఉన్నాయి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎర్రనేలలు, చిన్న చిన్న చెరువులు, నమ్మరాని వానలు ఇక్కడి సేద్యానికి ఆధారం. ఇటువంటి నేలను నమ్ముకొన్న పంట రాగి. దానిని నమ్ముకొన్న భోజనం సంగటి.

సంగటి చేయడం చూసేవారికి తేలిక. ఎసరు మరిగిన తరువాత కడిగిన బియ్యమో నూకలో వేసి మెత్తగా ఉడకనిస్తారు. అన్నంలో ఇంకా నీరు ఉండగానే రాగిపిండిని కుప్పగా పోసి, నడుమ తెడ్డుతో గుంట చేసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. ఆవిరి పట్టి పిండి పచ్చివాసన పోవాలి. ఆ తరువాతనే అసలు పని. కుండను కదలకుండా అదిమిపట్టి, తెడ్డుతో ఉండ కట్టకుండా కెలకాలి. పిండి ఎక్కువైతే రాయి, నీరు ఎక్కువైతే జావ. పదిమంది ఉన్న ఇంట్లో ఆ కుండను కెలకడానికి ఎంత భుజబలం కావాలో కెలికినవారికే ఎరుక. చేయి తడుపుకొంటూ వేడివేడిగా ముద్దలు చేసి కంచంలో పెడతారు. ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి వేయడం కలిగిన ఇంటి సంగతి. లేనివారి ఇంట ఆ గుంటలో పులుసే పడుతుంది. కన్నడ దేశానికి చేరువయ్యేకొద్దీ ముద్దలో బియ్యం తగ్గి పిండి పెరుగుతుంది.

దీనికి తోడు ఏమిటన్నది కాలాన్నిబట్టి మారుతుంది. చెనిక్కాయలు వేయించి, మిరపకాయలతో నూరిన ఊరుబిండి ఏ కాలానికైనా ఉంటుంది. చెట్టున లేత చింతాకు ఉన్నప్పుడు చింతాకు పప్పు, చేని గట్టున ఏరుకొచ్చిన ఆకులతో పుల్లగూర. చలికాలంలో అనపకాయలు వస్తే గింజలను నానబెట్టి, తొక్క పితికి చేసే పితికిపప్పు. ఒక్కొక్క గింజనూ వేళ్ళ నడుమ పితకాలి. ఇంటిల్లిపాదీ కూర్చుంటే గాని ఆ పని తెమలదు. రాత్రి మిగిలిన ముద్ద తెల్లవారేసరికి మజ్జిగలో కలిసి ఎర్రగడ్డతో సద్ది అవుతుంది. శ్రీనాథునికి రుచించని చల్ల అంబలికి ఇది దగ్గరి చుట్టమే.

ఇంటివారి చూపు ఎలా ఉండేదో తెలియజేసే రచన ఒకటి పక్కనున్న కన్నడ భాషలో ఉంది. 16వ శతాబ్దానికి చెందిన కనకదాసు 'రామధాన్యచరితె' రచించాడు. అందులో వరికీ రాగికీ ఎవరు గొప్ప అన్న వివాదం రాముని కొలువుకు వస్తుంది. రెండింటినీ ఆరునెలలు బంధించి ఉంచగా వరి చెడిపోతుంది, రాగి చెక్కుచెదరదు. రాఘవుడు తన పేరుతో దానిని గౌరవించాడని కథ. ఏండ్ల తరబడి పురుగు పట్టకుండా నిలువ ఉండే గింజ విలువ కరవు ఎరిగిన నేలకు తెలుస్తుంది. అతిథి నాలుకకు రుచి తెలుస్తుందే గాని ఆరునెలల నిలువ తెలియదు.

విదేశీయుల చూపును గురించి ఆలోచించడానికి మదనపల్లె కంటె తగిన ఊరు ఈ సీమలో లేదు. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ 1915లో భారతదేశానికి వచ్చి, మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు ఆ కళాశాలకు అతిథిగా వచ్చి 'జనగణమన' గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించినదీ, కజిన్స్ భార్య మార్గరెట్ ఆ గీతానికి స్వరరచన చేసినదీ అందరూ ఎరిగిన విషయమే. అంతగా ఎరుగని విషయం మరొకటి ఉంది. అదే సంవత్సరం కజిన్స్ జపాను వెళ్ళి టోక్యోలోని కేయో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల కవిత్వం బోధించాడు. తిరిగి వచ్చిన తరువాత ఆ దేశాన్ని గురించి 'ది న్యూ జపాన్' అనే గ్రంథం వెలువరించాడు. అది 1923లో అచ్చయింది.

కజిన్స్ దంపతులు ఐర్లండులో ఉన్నప్పటినుంచే శాకాహారులు. మాంసం లేని కంచం ఐర్లండులో వింత. మదనపల్లెలో ఎంతమాత్రమూ వింత కాదు. జపానులో అదే కంచానికి మరొక చిక్కు. అక్కడ చూడడానికి కేవలం కాయగూరల పులుసులా కనిపించేదానిలో సైతం సాధారణంగా ఎండుచేప తురుము మరిగించి తీసిన 'దాషి' అనే రసం ఉంటుంది. మనిషి మారలేదు, నియమమూ మారలేదు. ఊరు మారేసరికి ఒకచోట వింతమనిషి, ఒకచోట పొరుగువాడు, మరొకచోట ఇబ్బంది పెట్టే అతిథి. పరాయివాని చూపు నిలకడలేనిదనడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

జపాను భోజనం చరిత్రే ఇందుకు గొప్ప సాక్ష్యం. పోర్చుగీసు మతబోధకుడు లూయీష్ ఫ్రోయిష్ 1585లో ఐరోపా వారి ఆచారాలకూ జపాను వారి ఆచారాలకూ గల భేదాలను ఒక గ్రంథంలో వరుసగా రాసుకొన్నాడు. అందులో తిండిని గురించి ఒక ప్రకరణం ఉంది. తమవారు చేతితో తింటారనీ, జపాను వారు చిన్నతనం నుంచే రెండు పుల్లలతో తింటారనీ అతడు పేర్కొన్నాడు. చేతితో తినేవారు అనాగరికులని తరువాతి కాలంలో ఐరోపావారు మన దేశంలో ఎంతగా ఎగతాళి చేశారో తెలిసినవారికి ఈ మాట ముచ్చట గొలుపుతుంది. నాలుగు శతాబ్దాల క్రితం చేతితో తిన్నవారు వారే!

మూడువందల ఏండ్ల తరువాత, 1878లో, ఇసబెల్లా బర్డ్ అనే బ్రిటిష్ మహిళ జపాను ఉత్తర ప్రాంతాలలో పర్యటించింది. బయలుదేరకముందే యోకొహామాలోని తెల్లవారు ఆమెను తిండి విషయమై బెదరగొట్టారు. రొట్టె, వెన్న, పాలు, మాంసం దొరకవనీ, అన్నం, తేనీరు, గుడ్లతో బతకగలిగితే తప్ప ప్రయాణం సాగదనీ, జపాను వంటకాలు పరదేశీయుల గొంతు దిగవనీ వారి హెచ్చరిక. ఆమె వాటిని 1880లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో దాచకుండా రాసింది. ఆమె తిన్నది ఎక్కువగా దారిలోని సత్రపు భోజనమన్నది గమనించదగినది.

ఆ మాటలకూ నేటికీ నడుమ లోకం తలకిందులైంది. ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ 2007లో టోక్యో భోజనశాలలకు తొలిసారి నక్షత్రాలు ప్రకటించినప్పుడు పారిస్ నగరాన్ని మించిన సంఖ్యలో అవి టోక్యోకు దక్కాయి. 2013లో 'వషోకు' అని పిలిచే జపాను సంప్రదాయ భోజన సంస్కృతిని యునెస్కో మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చింది. నాడు గొంతు దిగదన్నదే నేడు లోకం కళ్ళకద్దుకొంటున్నది. వంటకం మాత్రం మూలంలో పెద్దగా మారలేదు: అన్నం, ఒక పులుసు, మూడు కూరలు, ఊరవేసిన కాయగూరలు.

విదేశీయులు జపానులో మెచ్చుకొనే గుణాలలో మొదటిది ఋతువు ననుసరించి వండడం. అది మెచ్చదగినదే. అయితే 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలంలో ఒక తీరున, వేసవిలో ఒక తీరున, చలికాలంలో ఒక తీరున వడ్డించిన పదార్థాలను రాయలవారు ఎంత ఓపికతో వర్ణించారో చదివిన తెలుగు విద్యార్థికి ఇందులో ఆశ్చర్యం కలగనవసరం లేదు. వేసవిలో చలువ చేసే పానీయాలు, పలుచని పులుసులు. చలికాలంలో మిరియపు పొడి తగిలిన వేడి కూరలు. చలికాలపు పితికిపప్పు ఆ వరుసలోనిదే. ఇతరుల ఇంట్లో గుర్తించిన గుణం మన ఇంట్లో ఉన్నా కనబడకపోవడం కంటి దోషం కాదు, అలవాటు.

పొగడ్తలో ఒక లోపం ఉంది. నక్షత్రాలు దక్కినవి భోజనశాలలకు. ఏ నక్షత్రమూ ఏ గృహిణి వంటింటికీ రాలేదు. విదేశీ యాత్రికుడు జపాను ఇల్లు చూడడం అరుదు. అతడు చూసేది డబ్బు చెల్లించి కూర్చున్న బల్ల. ఆ బల్లను చూసి 'వీరు ప్రతిదినం ఇలాగే తింటారు' అని రాస్తాడు. ఆ దేశపు ఇళ్ళలో జరుగుతున్నది వేరు. 1962లో జపాను దేశీయుడు సగటున ఏడాదికి 118 కిలోల బియ్యం తినేవాడు. ఇటీవలి కాలానికి అది 50 కిలోల దరిదాపులకు పడిపోయింది. 1954లో పాఠశాల భోజన చట్టం వచ్చిన తరువాత పిల్లలకు బడిలో పెట్టినది రొట్టె, పాలు. ఆ భోజనంలో అన్నానికి అధికారికంగా చోటు దొరికినది 1976లో. లోకం వారి అన్నాన్ని పొగడుతున్న కాలంలోనే వారి ఇళ్ళలో అన్నపు గిన్నె చిన్నదవుతూ వచ్చింది.

ఇంటివారి చూపూ ఎల్లవేళలా సరైనదని అనుకోరాదు. జపానులో తెల్లని బియ్యం గౌరవానికి గుర్తు. బార్లీ కలిసిన అన్నం పేదవారిది. అందువల్ల నౌకాదళంలో చేరిన పేదయువకులకు తెల్లన్నమే ఆకర్షణ. వారిలో అనేకులు బెరిబెరి వ్యాధితో కాళ్ళు పడిపోయి మరణించేవారు. లండనులో వైద్యం చదివి వచ్చిన తకాకి కనెహిరో దీనికి కారణం తిండి అని ఊహించి, 1884లో 'త్సుకుబా' అనే నౌకలో ఆహారం మార్చి చూశాడు. ఆ యాత్రలో బెరిబెరితో ఒక్కరూ మరణించలేదు. కారణం మాంసకృత్తుల లోపమని అతడు భావించాడు. అది పొరపాటనీ, బియ్యపు తవుడుతో పోయే విటమినే కారణమనీ తరువాత తేలింది. ఊహ తప్పినా మార్పు మంచిదైంది. నౌకాదళం బార్లీ కలిపిన అన్నానికి మళ్ళింది. సైన్యం మాత్రం తెల్లన్నాన్ని వదలక, 1904–05 నాటి రష్యా యుద్ధంలో వేలాది సైనికులను ఆ వ్యాధికి పోగొట్టుకొంది. పరువు కోసం తిన్న అన్నం అంతటి పని చేసింది.

రుచి విషయంలో దీనికి మరోవైపు కథ కూడా ఉంది. దాషి రసంలోని రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదులలో ఏదీ కాదని గుర్తించిన ఇకెద కికునయే 1908లో దానికి కారణమైన పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు చాలాకాలం దీనిని వేరొక రుచిగా అంగీకరించలేదు. నాలుకపై దానిని గ్రహించే కణభాగాలను 2000–2002 నడుమ కనుగొన్న తరువాతనే సందేహం తీరింది. వంటింట్లో అందరికీ తెలిసిన రుచి శాస్త్రగ్రంథానికి చేరడానికి దాదాపు నూరేండ్లు పట్టింది.

తిరిగి పడమటి మండలాలకు వస్తే, ఇక్కడి కంచాన్ని కొలిచిన విదేశీయులూ ఉన్నారు. బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ 1920ల ప్రాంతంలో నీలగిరులలోని కూనూరులో భారతదేశపు వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి పరిశీలించాడు. గోధుమ రొట్టె, పాలు ఉన్న సిక్కుల భోజనానికి మొదటి స్థానం, బియ్యం ప్రధానమైన 'మద్రాసీ' భోజనానికి అడుగు స్థానం దక్కాయి. తెల్లబియ్యాన్ని గురించి ఆయన చెప్పినది చాలావరకు నిజమే. అయితే చిత్తూరు జిల్లా అప్పటి మద్రాసు రాజధానిలోనిదే. 'మద్రాసీ' అన్న ఒక్క మాట కింద సంగటి తినే సీమ అంతా అదృశ్యమైపోయింది. ఆయన తరువాత ఆ ప్రయోగశాలకు అధిపతి అయిన వాలెస్ ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించాడు. ఆ ప్రయోగశాలే పెరిగి, తరువాత హైదరాబాదుకు తరలి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. నేడు ప్రామాణికమైన భారతీయ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. తెల్లబియ్యంలో అది పది మిల్లీగ్రాముల ప్రాంతం. ఈ లెక్క తెలియజేసిన శాస్త్రానికి పునాది వేసినవారిలో పరాయివారు ఉన్నారన్నది ఒప్పుకోవలసిన సత్యం.

లెక్క తెలిసినా సిగ్గు పోలేదు. పండుగకు, చుట్టాలకు మాత్రమే వరికూడు వండే ఇళ్ళలో అన్నం అంటే హోదా. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత ఆ హోదా పేదవాని ఇంటికీ వచ్చింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టడం అన్యాయం. దినమూ తెల్లన్నం తినగలగడం ఒక తరానికి విముక్తి వంటిది. దానితోపాటు 'సంగటి తినేవాడు' అన్న మాట తిట్టుగా మారింది. పల్లె నుంచి పట్టణానికి చదువుకు వచ్చిన పిల్లవాడు ఇంట్లో ఏం తిన్నావంటే అన్నమని అబద్ధమాడేవాడు. రాగి చేలు చెనిక్కాయకు, టమాటాకు తావిచ్చాయి.

ఇప్పుడు గాలి మళ్ళింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చి నుంచి రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు రాగిజావ ఇవ్వడం ఆరంభించారు. పట్టణాల హోటళ్ళలో 'రాగి సంగటి – నాటుకోడి' అన్న పలకలు వెలిశాయి. నాటుకోడి ఎన్నడు తెగేది? చుట్టం వచ్చినప్పుడు, జాతరప్పుడు. మిగిలిన దినాలలో ముద్దకు తోడు పుల్లగూర, ఊరుబిండి. హోటలు బల్ల మీద ఏడాదికి నాలుగుమార్లు జరిగేది నిత్యకృత్యంగా కనిపిస్తుంది. మూడువందల అరవై దినాలు జరిగేది కనిపించదు. టోక్యోకు వచ్చిన యాత్రికునికి జరిగినదే ఇక్కడ నగరవాసికి జరుగుతున్నది. ఇక సంగటి తింటే మధుమేహం మాయమవుతుందనే ప్రచారం మరొకటి. సంగటి మందు కాదు, కూడు. బియ్యం కలిసిన పెద్ద ముద్ద తిని, చక్కెర పెరగదని ధీమాగా ఉండేవారు వైద్యుని అడగడం మేలు.

మెప్పు ఏం చేయగలదో చూడాలంటే పుంగనూరు ఆవును చూడాలి. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే ఈ పొట్టి ఆవు మెట్టరైతుకు కల్పవల్లి. కొద్ది మేతతో బతికి, దాదాపు 8 శాతం వెన్న గల పాలిచ్చేది. సంగటి ముద్ద గుంటలో పడిన నెయ్యి దానిదే. దేశవాళి గొడ్డు గదా అన్న చిన్నచూపు వల్ల అది అంతరించే దశకు వచ్చింది. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడడానికి పాటుపడింది. 2024 సంక్రాంతి నాడు దేశ ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన చిత్రాలు దేశమంతటా ప్రచారం పొందాయి. నేడు అది నగరాలలోని భవనాల ముంగిట ముద్దుబిడ్డగా తిరుగుతున్నది. ధర లక్షలకు చేరింది. జాతి నిలబడడం ఆనందించదగినదే. కాని ఏ మెట్టరైతు ఇంటి నేతికోసం అది పుట్టిందో ఆ రైతు ఇప్పుడు దానిని కొనలేడు. చిన్నచూపు దానిని చంపబోయింది. పెద్దచూపు దానిని ఇల్లు దాటించింది.

మెచ్చుకొనేవారు కూడా తరచుగా మరచిపోయేది వండే చేతిని. జపాను గృహిణి తెల్లవారుజామున లేచి పిల్లలకు సర్దే భోజనపు పెట్టెను చూసి విదేశీయులు ముగ్ధులవుతారు. ఎన్ని గంటలకు లేచిందని అడిగేవారు తక్కువ. ఇక్కడ విద్యుత్తు మరలు రాకముందు కోడికూతకు ముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చుని రాగులు విసిరినది ఎవరు? కుండ కెలికినది ఎవరు? అందరూ తిన్న తరువాత అడుగున మిగిలిన మాడు గీరుకొని తిన్నది ఎవరు? 'పూర్వం మన ఆరోగ్యాలు ఎంత బాగుండేవి' అని ఉపన్యసించేవారు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పి మాట్లాడితే బాగుంటుంది. సంగటి ఇళ్ళలో తగ్గడానికి సిగ్గు ఒక కారణమైతే, భుజాల నొప్పి మరొక కారణం. రెండవది న్యాయమైనది.

మరొక కారణమూ ఉంది. జపాను భోజనపు పెట్టె చల్లారిన తరువాత తినడానికే ఏర్పడినది. అందులోని ప్రతి పదార్థం అందుకు అనువుగా వండినదే. సంగటి అలా కాదు. వేడి మీద తినాలి, చల్లారితే గట్టిపడుతుంది. కుప్పం స్టేషనులో తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి పనికి పోయేవారి డబ్బాలో ముద్ద ఒదగదు, చిత్రాన్నం ఒదుగుతుంది. ఇల్లు దాటలేని వంటకం కనుకనే బయటివాని కంటికి అది ఇంతకాలం పడలేదు. ఇంటివారు ఇల్లు దాటిపోతున్న కాలంలో అది వారికీ అందడం లేదు.

ఇంతమాత్రాన సంగటి అనాదిగా మనదేననీ, ఇతరుల గాలి సోకనిదనీ గొప్పలు పోవడం తగదు. రాగి మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తునేలలు; వేల ఏండ్ల క్రితం అది ఇక్కడికి చేరింది. ఊరుబిండిలోని చెనిక్కాయా, మిరపకాయా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఆసియాలోనే పెద్ద విపణులలో ఒకటిగా పేరుపొందిన మదనపల్లె మార్కెట్టును నింపే టమాటా కూడా అక్కడిదే. జపాను వారి 'తెంపురా' పోర్చుగీసువారు నేర్పిన వేపుడు. వారు ఇష్టంగా తినే 'కరే' అన్నం మన దేశపు కూర బ్రిటిష్ వారి చేతులమీదుగా చేరినది. వచ్చిన గింజ ఎక్కడిదైనా, దానిని ఆ నేల నీటితో, ఆ ఇంటి సెగతో తనదిగా చేసుకొన్నది వంటిల్లే.

యునెస్కో గుర్తింపుకు చాలా ఏండ్ల ముందే జపాను వారు చేసిన పని ఒకటి ఉంది. 1984 నుంచి 1993 వరకు ఒక ప్రచురణ సంస్థ అక్కడి 47 పరగణాలలో పల్లెపల్లెకు మనుషులను పంపి, 1920లు, 30లలో వంటింటి భారం మోసిన వృద్ధ స్త్రీలను కూర్చోబెట్టి అడిగించింది. ఏ నెలలో ఏం వండారు, కరవులో ఏం తిన్నారు, పురిటాలికి ఏం పెట్టారు అన్నవన్నీ వారి మాటల్లోనే రాయించింది. పరగణాకు ఒక సంపుటం, ఐను జాతివారికి ఒక సంపుటం, మరికొన్ని కలిపి మొత్తం 50 సంపుటాలయ్యాయి. అందులో నక్షత్రాలు లేవు; చిరుధాన్యపు గంజి ఉంది, అడవి గింజల కూడు ఉంది. అతిథి రాయని పుస్తకం అది.

పడమటి మండలాలకు అటువంటిది ఒక్క సంపుటమైనా లేకపోవడం విచారకరం. తెలుగు, కన్నడం, తమిళం కలిసే కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు భాషల వంటింటి మాటలు ఒకేచోట దొరికే ఇటువంటి తావు మరొకటి అరుదు. పరిశోధకులు రాకముందే విద్యార్థులు మొదలుపెట్టడానికీ అడ్డంకి లేదు. ఒక నోటుపుస్తకం, ఒక సాయంత్రం చాలు. సంగటికి ఎసరెంత అని అడిగితే చాలామంది అవ్వలు కొలత చెప్పరు. కుండలోకి చూసి చెబుతామంటారు. ఆ చూపును ఎలా రాయాలన్నది రాసేవారు తేల్చుకోవలసిన చిక్కు. 1983లో ఇరవై ఏండ్ల కోడలిగా కుండ కెలికిన స్త్రీకి ఇప్పుడు అరవై దాటాయి. ఆమెకు కెలకడం నేర్పిన అత్తగారు ఎనభై దాటి ఉంటారు. ఇసుర్రాయి పాటలతో సహా ఆ తరానికి జ్ఞాపకమున్నది ఇప్పటికి ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఎక్కలేదు.